దోమల నివారణకు కాలిబాటలు

వానపల్లి నాగరత్నం అయిదేళ్ళపాటు వరి దుబ్బుల మొదళ్ళలో దోమలు లెక్కపెట్టింది. ఆ మాట వినగానే మీ చెయ్యి మెడ గోక్కోవడానికి వెళ్ళిందంటే తప్పు మీది కాదు, భాషది. ఇవి మనల్ని కుట్టే దోమలు కావు. వరి మొదట్లో, నీటికి కాస్త పైన గుంపులు కట్టి, రసం పీల్చి, పచ్చటి చేను నడిమధ్యలో సుడులు సుడులుగా ఎండబెట్టేసే పురుగులు. పుస్తకాల్లో వాటి పేరు సుడిదోమ. రైతుకు అంత తీరిక ఉండదు కనుక ఒట్టి దోమ అంటాడు. గోదావరి కాలవల కింద ఊళ్ళలో దోమ పడిందని ఎవరైనా అంటే దుప్పటి ముసుగేసుకునేవాడు ఉండడు, చేలోకి పరిగెత్తేవాడే ఉంటాడు. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి, మిగతా కథ దానంతటదే నడుస్తుంది.

నాగరత్నం పరిశోధన నాలుగువందల పన్నెండు పేజీలు. అందులో అసలు సంగతి ఒకే ఒక్క వాక్యం: "వరి పొలాల్లో సుడిదోమ ఉధృతిని తగ్గించడానికి, నాట్లు వేసేటప్పుడే ప్రతి రెండు మీటర్లకు జానెడు వెడల్పున తూర్పు పడమరలుగా కాలిబాటలు వదలాలి." బాట వదిలితే మొదళ్ళకు గాలి తగులుతుంది, ఎండ తగులుతుంది, దోమకు అక్కడ కాపురం కుదరదు. ఈ మాట రైతులు ఎప్పుడూ విననిది కాదు. వినీ వదలనిది. చేనంతా బాటలే అయితే గింజలెక్కడ పండుతాయని వాళ్ళ భయం. తాడిమెరకలో మట్టా సత్తిరాజు ఒక్కడే తన ఎకరం చెక్క ఆమెకు అప్పగించాడు. మూడేళ్ళు బాటలు వదిలి కొంత, వదలకుండా కొంత నాటించి, పురుగుల్నీ లెక్కపెట్టి, గింజల్నీ తూచి, దిగుబడి ఏమాత్రం తగ్గదని ఆమె తేల్చింది. చుట్టుపక్కల రైతులు గట్టు మీద నిలబడి చూసి, బాగుందమ్మాయ్ అని మెచ్చుకుని, వెళ్ళి మామూలుగానే నాటుకునేవారు.

జూన్ మొదటి వారంలో ఆ నాలుగువందల పన్నెండు పేజీలు చంకన పెట్టుకుని నాగరత్నం విశ్వవిద్యాలయం పరిశోధనా విభాగానికి వెళ్ళింది. నవంబరు ముప్ఫైతో ఆమె రిజిస్ట్రేషనుకు ఆరేళ్ళు నిండుతాయి. ఆ తేదీ దాటితే పట్టా మాట అటుంచి, చేరిన రోజు నుంచి అన్నీ మళ్ళీ మొదలు. ఇంకా ఆరు నెలలుంది కదా అని ఆమె ధీమాగానే ఉంది. గుమాస్తా పేజీలు తిప్పి చూసి, స్పర్శ పత్రం ఏదని అడిగాడు.

ఆ పత్రం పుట్టి అప్పటికి పదకొండు రోజులు. విశ్వవిద్యాలయం పాలకమండలి ఒకనాడు గ్రంథాలయం చూడబోయి, పరిశోధన గ్రంథాలన్నీ బీరువాల్లో నిద్రపోతున్నాయని గమనించి కంటతడి పెట్టుకుందట. ఆ వేడిలోనే తీర్మానం చేసింది. ఇకమీదట ప్రభుత్వ విధానాన్ని తాకని పరిశోధన పరిశోధన కాదు. పరిశోధకుడు కనిపెట్టిన ఫలితం ఏదో ఒక సర్కారు ఉత్తర్వులో కనబడాలి. ఆ ఉత్తర్వు ఎక్కడో అక్కడ అమలు కావాలి. అలా జరిగిందని రుజువైతే విధాన స్పర్శ పత్రం ఇస్తారు. అది ఉంటేనే గ్రంథం తీసుకుంటారు. ఎలా తాకాలో తెలియని పరిశోధకుల కోసం అయిదు రోజుల శిక్షణ, హాజరు తప్పనిసరి.

నాగరత్నం గైడు గోపాలం గారు ఇరవై ఇద్దరిని డాక్టర్లను చేసిన పెద్దమనిషి. ఆ ఇరవై రెండు గ్రంథాలూ బీరువాను తప్ప దేన్నీ తాకలేదు. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, కాలం మారిందమ్మా, వెళ్ళి తాకి రా అన్నారు.

శిక్షణ ఇచ్చేది విధాన సంధాన కేంద్రం సంచాలకులు విశ్వంభరరావు గారు. ఆయన మాట్లాడుతుంటే ప్రతి వాక్యం కిందా సంతకం పెట్టినట్టు ఉంటుంది. మొదటి రోజు ఆయన చెప్పిందేమిటంటే, విధానం చేసేవారికి తీరిక ఉండదు. వారు లిఫ్టులో తగిలినప్పుడు, దిగేలోపల మన పరిశోధన వారి చెవిన పడెయ్యాలి. ఇది సాధన చేయవలసిన విద్య. కాకపోతే ఆ భవనంలో లిఫ్టు ప్రారంభోత్సవం నాడు ఎక్కడ ఆగిందో ఇప్పటికీ అక్కడే ఉంది. అందుకని సాధన మెట్ల మీద జరిగింది. కేంద్రం అటెండరు అప్పలస్వామి ముఖ్య కార్యదర్శిగా మెట్లెక్కుతుంటే, పరిశోధకులు ఒక్కొక్కరే పక్కన ఎక్కుతూ తమ గ్రంథం విన్నవించుకోవాలి. పాత కాలవల చరిత్ర రాసిన కుర్రాడు రెండో అంతస్తుకు చేరేసరికి ఇంకా తొలి అధ్యాయంలోనే ఉన్నాడు. అంగన్‌వాడీల మీద పని చేసిన అమ్మాయికి మూడో మెట్టు దగ్గరే ఆయాసం వచ్చింది. అప్పలస్వామికి మోకాళ్ళ నొప్పులు. ఎవరు తొందరగా ముగిస్తే వాళ్ళ విధానం బాగుందని తల ఊపేవాడు.

రెండో రోజు నుంచి కోత. గ్రంథాన్ని పది పేజీలు చెయ్యమన్నారు, పదిని ఒకటి చెయ్యమన్నారు, నాలుగో రోజుకు ఒక్క వాక్యం మిగల్చమన్నారు. అయిదో రోజు ఆ వాక్యాన్ని విశ్వంభరరావు గారు స్వయంగా సంస్కరిస్తారు. నాగరత్నం తన వాక్యాన్ని బోర్డు మీద రాసి పక్కకు నిలబడింది. ఆయన ఎర్ర సుద్దముక్క తీసుకున్నారు.

ముందుగా "వరి" కొట్టేశారు. ఒక్క పంట పేరు చెబితే ప్రత్తివారు, మిరపవారు సభలో ప్రశ్నలు లేవనెత్తుతారట. "పొలాల్లో" కూడా పోయింది. విధానం రాష్ట్రమంతటికీ వర్తించాలి గానీ పొలాలకు పరిమితం కాకూడదు. "సుడి" పారిభాషిక పదం, సామాన్యుడికి అర్థం కాదు. అది లేకపోతే అర్థమే మారిపోతుందని నాగరత్నం మొత్తుకుంది. అర్థం అమలు దశలో చూసుకుంటారని ఆయన ఓదార్చారు. "ఉధృతి" అనడం వల్ల ఇప్పటిదాకా ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చుందన్న ధ్వని వస్తోంది, కనుక "ఉధృతిని తగ్గించడానికి" బదులు "నివారణకు" చాలన్నారు. "నాట్లు వేసేటప్పుడే" అంటే ప్రభుత్వాన్ని కాలంతో కట్టేయడం. "రెండు మీటర్లు" అంటూ అంకె వేస్తే రేపు ఎవడో కోర్టుకు పోతాడు. "జానెడు" కొలతల చట్టంలో లేదు. "తూర్పు పడమరలు" అంటే ఉత్తరాది జిల్లాలు తమను మరిచారని నొచ్చుకుంటాయి. చివరిగా "వదలాలి" దగ్గర ఆయన సుద్దముక్క ఆగింది.

"ప్రభుత్వానికి లాలి పాడకూడదమ్మా," అన్నారు విశ్వంభరరావు గారు. "చెయ్యాలి, వదలాలి, మానాలి, ఇవన్నీ ఆజ్ఞలు. మనం సూచన మాత్రమే చేస్తాం. క్రియ వారు చూసుకుంటారు."

బోర్డు మీద మిగిలిన దాన్ని ఆయన శుభ్రంగా మళ్ళీ రాశారు. దోమల నివారణకు కాలిబాటలు. ముచ్చటగా మూడే మాటలు. శిక్షణ చరిత్రలో ఇంత చక్కగా చిక్కిన వాక్యం లేదని చప్పట్లు కొట్టించారు. అంగన్‌వాడీల అమ్మాయికి "పిల్లలు" అన్న ఒక్క మాటే మిగిలింది. ఆ పిల్ల బయటికి వెళ్ళి ఏడ్చింది. నాగరత్నానికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మూడు మాటలైనా మిగిలాయి కదా, చేరవలసిన చోటికి చేరితే ఎవరో ఒక వ్యవసాయం తెలిసినవాళ్ళు విప్పి చదువుకుంటారని మనసుకు సర్దిచెప్పుకుంది.

చేరవలసిన చోటికి చేరితే కదా. సచివాలయంలో బట్వాడా గుమాస్తా ఏ కాగితాన్నైనా మొదటి మాట చూసి పంపుతాడు. మొదటి మాట దోమల. కాగితం తిన్నగా దోమల నిరోధక మండలికి పోయింది.

ఆ సమయానికి మండలి ముఖ్య సంచాలకులు కమలాకరం గారు తల పట్టుకుని కూర్చున్నారు. జూలై దోమల మాసం. ఏటా ఒక కొత్త కార్యక్రమం ప్రకటించాలి. నీరు నిలవనీయకండి, కొబ్బరి చిప్పలు బోర్లించండి అన్న పాత పాట పాడీ పాడీ ఆయనకే విసుగు పుట్టింది. అలాంటి వేళ బల్ల మీదికి మూడు మాటల కాగితం వచ్చింది. కమలాకరం గారికి చక్కెర జబ్బు. డాక్టరు చెప్పాడని తెల్ల బూట్లు తొడుక్కుని రోజూ నాలుగు మైళ్ళు నడుస్తారు. కాలిబాట అన్న మాట చూడగానే ఆయన మొహం వికసించింది.

అయితే కాలిబాటకూ దోమకూ సంబంధం ఏమిటి? ఆ సంబంధం కనుక్కోవడానికి ముగ్గురు నిపుణులతో సంఘం వేశారు. వాళ్ళు మూడు రోజులు ఆలోచించి నివేదిక ఇచ్చారు. దోమ కూర్చున్న మనిషిని కుడుతుంది. నిలబడ్డ మనిషిని కుడుతుంది. నడుస్తున్న మనిషిని కుట్టడం దానికి కష్టం. బాట లేనిదే మనిషి నడవడు. కనుక కాలిబాటలే దోమల నివారణకు శాస్త్రీయ మార్గం. ఇన్నాళ్ళూ ఇది ఎవరికీ తట్టకపోవడమే ఆశ్చర్యమని నిపుణులు ముక్కున వేలేసుకున్నారు.

జూన్ ఇరవై ఎనిమిదిన ఉత్తర్వు వెలువడింది. "పై విషయమై పరిశోధనాపూర్వకంగా నిర్ధారణ అయిన దరిమిలా, దోమల నివారణకు ప్రతి పట్టణం, ప్రతి గ్రామం కాలిబాటలు వదలవలసినదిగా ఇందుమూలంగా ఆదేశించడమైనది. వదిలిన బాటల పొడవును ప్రతి పక్షం రోజులకూ కిలోమీటర్లలో తెలియజేయవలెను." ఎంత వెడల్పు, ఎక్కడ, దేనితో అన్న వివరాలు అందులో లేవు. వాటిని విశ్వంభరరావు గారు అప్పటికే కొట్టేశారు.

ఇక చూడండి సంబరం. పట్టణాల్లో గోడల నిండా నినాదం వెలిసింది. నిలిచిన నీరు, నిలిచిన మనిషి, రెండూ దోమకు నిలయం. సాయంత్రం ఆరు దాటాక బస్టాండులో ఎవరూ నిలబడకూడదన్నారు. బస్సు వచ్చేదాకా ప్రయాణికులు స్టాండు చుట్టూ ప్రదక్షిణం చేసేవారు. బస్సు వచ్చేసరికి సగం మంది అవతలి పక్క ఉండేవారు. ఆసుపత్రుల్లో బెంచీలు తీసేశారు. జ్వరంతో వచ్చినవాళ్ళు చీటీ పట్టుకుని వరండాలో నడుస్తూనే తమ వంతు కోసం ఎదురుచూశారు. ఒక జిల్లా ఊపు ఎక్కువై, కూర్చుని భోంచేసే కల్యాణమండపాలకు తాఖీదులిచ్చింది.

పేపర్లో ఈ వార్త నాగరత్నం రెండుసార్లు చదివింది. తన బాటలో మనిషి నడవక్కర్లేదు. నడిస్తే మొక్క తొక్కుడుపడుతుంది. పరుగున విధాన సంధాన కేంద్రానికి వెళ్ళి, ఇది తప్పు, దిద్దాలని పట్టుబట్టింది. దిద్దుబాటుకు అవకాశం ఉంది, కానీ దిద్దుబాటు కూడా ఒక్క వాక్యంలోనే ఉండాలన్నారు విశ్వంభరరావు గారు. ఆమె అక్కడే నిలబడి రాసిచ్చింది. ఈ దోమ ఆ దోమ కాదు.

పదిహేను రోజులకు మండలి నుంచి జవాబు వచ్చింది. పరిశోధకురాలి సూచన మిక్కిలి విలువైనదని, దోమల్లో రకాలున్న విషయం పరిగణనలోకి తీసుకుని, సదరు ఉత్తర్వును అన్ని రకాల దోమలకూ వర్తింపజేయడమైనదని.

ఆ తర్వాత రెండు నెలలు నాగరత్నం కాళ్ళకు బలపం కట్టుకుని ఆఫీసులు తిరిగింది. వ్యవసాయం వాళ్ళు, దోమ మాకు బదిలీ కాలేదమ్మా అన్నారు. మండలి వాళ్ళు, మీ మాట ఉత్తర్వులో వేశాం కదా, ఇంకా ఏం కావాలన్నారు. సత్తిరాజు రెండుసార్లు ఫోను చేస్తే సిగ్గుతో ఎత్తలేదు. ఇంతలో విశ్వంభరరావు గారు ఆమెను పిలిపించి స్పర్శ పత్రం బల్ల మీద పెట్టారు. కింద ఒక చిన్న ప్రమాణం ఉంది. "ఈ విధానం నా పరిశోధన ఉద్దేశించిన విధంగానే అమలైనదని ధ్రువీకరిస్తున్నాను." అక్కడ సంతకం పెడితే డాక్టరు. పెట్టకపోతే నవంబరు ముప్ఫై.

సంతకం పెట్టెయ్యమని గోపాలం గారు చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. పట్టా వచ్చాక ఎన్ని నిజాలైనా తీరిగ్గా చెప్పుకోవచ్చన్నారు. నాగరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయిదేళ్ళు నడుం వంచి మోకాలి లోతు బురదలో లెక్కపెట్టాను సార్. ఒక్క పురుగు ఎక్కువ రాసుకోలేదు, ఒక్కటి తక్కువ రాసుకోలేదు. జ్వరమొచ్చినవాళ్ళని వరండాలో తిప్పమని నేను చెప్పానని ఎలా సంతకం పెట్టను?"

గోపాలం గారు మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నారు. జవాబు దొరకనప్పుడు ఆయన కళ్ళజోడుకు మంచి రోజులు.

అక్టోబరు నడిమిలో మండలి నుంచి తంతిలాంటి కబురు. రాష్ట్రంలోకెల్లా అత్యధికంగా కాలిబాటలు వదిలిన గ్రామం తాడిమెరక. పొడవు ఎనిమిదివందల ఇరవై కిలోమీటర్లు. ముఖ్య సంచాలకులు స్వయంగా తనిఖీకి వెళుతున్నారు, పరిశోధకురాలు వెంట ఉండవలెను.

జీపులో వెనక సీట్లో కూర్చుని నాగరత్నం లెక్క వేసుకుంది. తాడిమెరకను ఈ చివర నుంచి ఆ చివరకు చుట్ట వెలిగించి ఆరేలోపల నడిచేయవచ్చు. అక్కడ ఎనిమిదివందల ఇరవై కిలోమీటర్ల కాలిబాట ఎక్కడిది? ఎవరో నోటికొచ్చిన అంకె వేశారు. అది బయటపడితే తన పేరూ దాంతోపాటే బయటపడుతుంది. ముందు సీట్లో కమలాకరం గారు తెల్ల బూట్లు బిగించుకుంటున్నారు. అంత పొడవునా ఇవాళే నడవలేం గానీ కొంతైనా నడుద్దామన్నారు.

దారి పొడవునా ఆమె చేలు చూస్తూ కూర్చుంది. ఏ ఊరి చేను చూసినా పచ్చదనం మధ్యలో పొయ్యి పెట్టినట్టు గుండ్రటి ఎండు మచ్చలు. ఆ ఏడు దోమ విరుచుకుపడింది. మందు డబ్బాలు వీపున మోసుకుని మనుషులు చేలల్లో తిరుగుతున్నారు. నా నాలుగువందల పన్నెండు పేజీలు వీళ్ళకెందుకు, బస్టాండు చుట్టూ తిరిగేవాళ్ళకెందుకు అని మొహం తిప్పుకుంది.

తాడిమెరక కాలవ వంతెన దాటగానే ఆమె మొహం మళ్ళీ ఇటు తిరిగింది. మచ్చ లేదు. ఒక్క మచ్చ లేదు. కంటికి ఆనినంత మేరా చేను పచ్చగా ఉంది. ఆ పచ్చదనం మధ్యలోంచి తూర్పు నుంచి పడమరకు, పాపిడి తీసినట్టు, రెండు మీటర్లకొకటి, జానెడు వెడల్పు గీతలు. సత్తిరాజు ఎకరంలోనే కాదు. ఊరంతా.

సత్తిరాజు తలపాగా విప్పుకుంటూ ఎదురొచ్చాడు. ఫోను ఎత్తవేంటమ్మాయ్ అని ఆమెను ముందు గదిమి, తర్వాత సంచాలకులకు దండం పెట్టాడు. జరిగిందేమిటో సత్తిరాజు మాటల్లోనే తెలిసింది. జూలైలో నాట్లకు రెండ్రోజుల ముందు పంచాయతీ కార్యదర్శి శ్రీలత ఉత్తర్వు తెచ్చి అరుగు మీద చదివింది. దోమల నివారణకు కాలిబాటలు వదలాలని ప్రభుత్వం ఆదేశించింది. పదిహేను రోజులకోసారి కొలిచి పంపాలట. ఆ పిల్లకు ముక్క అర్థం కాక బిక్కమొహం వేసింది. వింటున్నవాళ్ళకు మాత్రం పూర్తిగా అర్థమైంది. దోమకు కాలిబాటలు అన్న మాట తాతల నాటి నుంచి తెలిసినట్టే ఉంది వాళ్ళకు. మామూలుగా అయితే చేసేవారు కాదు గానీ ఈసారి సర్కారు వచ్చి కొలుస్తుందట. సత్తిరాజు చేను మూడేళ్ళుగా కళ్ళెదుటే ఉంది. సరే కానివ్వండని నాలుగువందల పది ఎకరాల్లోనూ తాడు పట్టి వదిలేశారు.

"ఎకరాకి రెండు కిలోమీటర్లు తేలుతుందండి," అంది శ్రీలత భయంభయంగా. "నాలుగువందల పది ఎకరాలకి ఎనిమిదివందల ఇరవై. నేను వేసిన అంకె కాదండి, టేపు పెట్టి చూసుకోండి."

కమలాకరం గారు టేపు అడగలేదు. నడిచి చూస్తానన్నారు. నాగరత్నం వద్దండీ అనేలోపలే గట్టు దిగి జానెడు బాటలో కుడికాలు పెట్టారు. కాలు పిక్కదాకా దిగింది. దాన్ని లాగడానికి ఎడమకాలు పెట్టారు. అది మోకాలిదాకా దిగింది. మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి రాష్ట్ర దోమల నిరోధక మండలి ముఖ్య సంచాలకులు వరిచేలో పాతుకుపోయి, ఎటూ కదల్లేక, హుందాతనం మాత్రం వదలక, తనిఖీ కొనసాగించారు.

"ఈ కాలిబాట వెడల్పు చాలదు. ఇందులో నడిచేదెవరు?"

"గాలండి," అన్నాడు సత్తిరాజు. "ఎండ కూడా నడుస్తదండి. ఆళ్ళిద్దరూ తిరుగుతుంటే దోమ ఉండదండి, ఆయ్."

సంచాలకులు చొక్కా జేబులోంచి పుస్తకం తీసి, బాటను వాడుకునేవారు అన్న గడిలో గాలి, ఎండ అని రాసుకున్నారు. తరువాత చేతులు చూసుకున్నారు, మెడ తడుముకున్నారు. ఇరవై నిమిషాలుగా ఒకే చోట నిలబడి ఉన్నా తనను ఒక్క దోమ కూడా కుట్టలేదని గమనించి, ఆ మాటా రాసుకున్నారు. ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టి లాగితే ఆయన వచ్చారు. ఎడమ బూటు రాలేదు. గట్టు మీద ఒంటి బూటుతో కూర్చుని, విధానం నూటికి నూరుపాళ్ళు అమలైనదని సంతకం చేశారు.

నాగరత్నం అప్పుడు ఆయన పెన్ను అడిగి తీసుకుంది. తన పరిశోధన ఉద్దేశించిన విధంగానే అమలైంది. ఇక్కడ, ఈ ఊళ్ళో, అక్షరాలా అమలైంది. సంచిలోంచి స్పర్శ పత్రం తీసి ప్రమాణం కింద సంతకం పెట్టింది.

అయిపోయింది కదా అనుకుంటున్నారు. విశ్వవిద్యాలయాన్ని మీరు తక్కువ అంచనా వేస్తున్నారు.

నవంబరు ఇరవై ఆరున మౌలికతా సంఘం నుంచి తాఖీదు వచ్చింది. గ్రంథంలో కాపీ ఉందేమో చూడడం ఆ సంఘం పని. "తమ గ్రంథంలోని ప్రధాన ఫలితం జూన్ ఇరవై ఎనిమిది నాటి ప్రభుత్వ ఉత్తర్వులో ఇప్పటికే ఉన్నందున, తాము ప్రభుత్వాన్ని చూసి రాసినట్లు భావించవలసి వస్తున్నది. ఇరువురూ ఒకే దోమ గురించి చెబుతున్నట్లయితే గ్రంథం తిరస్కరించబడును." నాగరత్నం సంఘం గదికి పరుగెత్తింది. ఆ ఉత్తర్వు తన గ్రంథంలోంచే పుట్టిందని చెప్పబోయింది. ఆ సంగతి పత్రాలిచ్చే స్పర్శ సంఘం ఫైల్లో ఉంటుంది, పరాయి సంఘం ఫైలు మేం చూడకూడదన్నారు. పోనీ అది వేరే దోమ అందామంటే, స్పర్శ సంఘం నుంచి కూడా అదే రోజు ఒక కాగితం వచ్చి ఉంది. పత్రం ఖాయం చేసేముందు, గ్రంథంలోని దోమా ఉత్తర్వులోని దోమా ఒకటేనని రాసివ్వవలెను.

ఒకటే అంటే కాపీ. వేరంటే స్పర్శ లేదు. మధ్యలో నాలుగు రోజులు. ఆమె గోపాలం గారి గదిలోకి వెళ్ళి కుర్చీలో కూలబడింది. ఆరేళ్ళూ పోయాయి సార్ అంది. ఈసారి ఆయన కళ్ళజోడు తీయలేదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు.

"ఆ దోమా ఈ దోమా ఒకటేనా, నువ్వు చెప్పు."

"ఉత్తర్వు రాసినవాళ్ళ మనసులో ఉన్నది వేరే దోమ సార్. తాడిమెరకలో అమలైంది నా దోమకే."

"అంటే రెండూ నిజమే. రెండు సంఘాలకీ చెరో నిజం రాసివ్వు. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను, ఒకళ్ళ కాగితం ఇంకొకళ్ళు చదివిన పాపాన పోలేదు."

ఆయన ఆమెకు చేసిన సాయం ఆరేళ్ళలో ఇదొక్కటే, కానీ ఇది చాలు. మౌలికతా సంఘానికి ఆమె రాసింది: ఈ దోమ ఆ దోమ కాదు. స్పర్శ సంఘానికి రాసింది: ఈ దోమ ఆ దోమే. ఒక్కో వాక్యం, శిక్షణలో నేర్పినట్టే. రెండు సంఘాల్లోనూ విశ్వంభరరావు గారు సభ్యులు. పొద్దున ఒకదానిలో కూర్చుని దోమలు వేరని సంతకం చేశారు. మధ్యాహ్నం భోంచేసి వచ్చి రెండోదానిలో దోమలు ఒకటేనని సంతకం చేశారు. ఒక సంఘం రహస్యాన్ని ఇంకో సంఘంలో గుర్తు చేసుకోవడం నియమాలకు విరుద్ధమని ఆయనకు గట్టి పట్టింపు. నవంబరు ముప్ఫై సాయంత్రం నాలుగున్నరకు గుమాస్తా గ్రంథం తీసుకుని ముద్ర కొట్టాడు.

పట్టా చేతికొచ్చాక నాగరత్నం ఒక ప్రతి పట్టుకుని తాడిమెరక వెళ్ళింది. సత్తిరాజు కల్లంలో ఉన్నాడు. డాక్టరయ్యావంట కదా, మనుషులకా పంటకా అని నవ్వి, చేతులు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. అయిదో తరగతి చదువు. ఇంత పుస్తకంలో మన సంగతి ఏ పక్కన ఉందో చూపించమన్నాడు. ఆమె మూడువందల ఎనభై ఎనిమిదో పేజీ తీసిచ్చింది. ఆయన వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, ఆ వాక్యాన్ని మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఇందులో అన్నీ ఉన్నాయే," అన్నాడు. "వరి ఉంది. జానెడుంది. తూర్పు పడమర కూడా ఉంది. ఆళ్ళ కాయితంలో మూడు మాటలే కదమ్మా వచ్చాయి. మిగతాయన్నీ మేమే వేసుకున్నాం."

ఇన్నేళ్ళూ ఎవరూ తన వాక్యం పూర్తిగా చదవలేదని నాగరత్నానికి అప్పుడే తెలిసింది. పుస్తకం ఆయన దగ్గరే వదిలేసి వచ్చింది. విశ్వవిద్యాలయం బీరువాకి ఇంకో ప్రతి ఉంది.